రెండు సీట్ల కారులో మూడో మనిషి

కార్లంటే ప్రాణం పెట్టే మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే వాళ్ళ మాటలు వినడం నాకు భలే సరదా. నవలలు రాసేవాళ్ళకి ఇటువంటి సరదాలు తప్పవు కాబోలు. సంగీతం తెలిసినవాళ్ళు ఒక రాగం గురించి ఎలా మాట్లాడుకుంటారో, వీళ్ళు ఇంజను చప్పుడు గురించి అలా మాట్లాడుకుంటారు. గేరు మార్చేటప్పుడు చేతికి తగిలే పట్టు, మలుపులో స్టీరింగు బరువెక్కడం, బండి నేలకి ఎంత దగ్గరగా కూర్చున్నదీ, ఇవన్నీ వాళ్ళకి రసవిషయాలు. గొప్ప బండిని నింపాదిగా నడపడం కంటే మామూలు బండిని జోరుగా తోలడంలోనే ఎక్కువ మజా ఉందని వాళ్ళలో ఒక నానుడి కూడా ఉంది. వినగా వినగా అందులోనూ కొంత కవిత్వం ఉందని ఒప్పుకోబుద్ధి అవుతుంది.

అయితే వింటున్నంతసేపూ నా మనసులో ఒక్కటే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. ఇంతకీ ఈ కారులో ఎన్ని సీట్లు? అసలైన స్పోర్ట్స్ కారంటే సాధారణంగా రెండే. ఒకటి తోలేవారిది, రెండోది పక్కన కూర్చునేవారిది. మరి చంటిపిల్ల? అత్తగారు? అంట్లు తోమి ఇంటికి వెళ్ళాల్సిన మనిషి? వాళ్ళెక్కడ కూర్చుంటారు? అడిగితే, "ఆడవాళ్ళ ప్రశ్న" అని నవ్వేవాళ్ళే ఎక్కువ. నవ్వితే నవ్వనివ్వండి. ఒకే ఊరి మీద ఏడాది తేడాలో వచ్చిన రెండు పుస్తకాలని పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఆ ఊరి కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని తెలుస్తుంది.

ఆ ఊరు అమెరికాలోని లాస్ ఏంజెలిస్. పుస్తకాల్లో ఒకటి 1970లో వచ్చిన నవల, జోన్ డిడియన్ రాసిన "ప్లే ఇట్ యాజ్ ఇట్ లేస్". రెండోది 1971లో వచ్చిన "లాస్ ఏంజెలిస్: ది ఆర్కిటెక్చర్ ఆఫ్ ఫోర్ ఎకాలజీస్". దాన్ని రాసినాయన రేనర్ బాన్‌హామ్, భవన నిర్మాణ చరిత్ర చెప్పే ఇంగ్లీషు పండితుడు. ఒకటి ఆడది రాసిన కథ, ఒకటి మగవాడు రాసిన ప్రశంస. రెండింట్లోనూ కథానాయకుడు కారే అనుకోండి.

ముందు పండితుడి పుస్తకం సంగతి చూద్దాం. లాస్ ఏంజెలిస్‌ని అప్పటి మేధావులు చాలామంది చీదరించుకునేవారు. ఊరికి ఒక మధ్య అంటూ లేదు, ఇదేం ఊరు అనేవారు. బాన్‌హామ్ ఎదురు తిరిగాడు. ఈ ఊరిని పాత ఊళ్ళతో పోల్చి చూడకండి, దీని తీరులో దీన్ని చూడండి అన్నాడు. ఆ ఊరిని నాలుగు భాగాలుగా చేసుకున్నాడు. సముద్రతీరం, కొండల అంచులు, నడుమ విశాలమైన మైదానం, నాలుగోది ఫ్రీవేలు. ఫ్రీవే అంటే అడ్డరోడ్లూ, ఎర్రదీపాలూ లేకుండా అటూ ఇటూ వరసలు వరసలుగా కార్లు దూసుకుపోయే రోడ్డు. సముద్రం, కొండలు, మైదానంతో పాటు రోడ్డుని కూడా ప్రకృతిలో ఒక భాగంలా లెక్కపెట్టాడన్నమాట. ఆ లెక్కలోనే ఆయన అభిమానం ఎంతో తెలిసిపోతుంది.

ఈయన లండన్‌లో చిన్న చక్రాల మౌల్టన్ సైకిలు తొక్కిన మనిషి. కారు తోలడం నేర్చుకున్నది నడివయసులో. దానికి ఆయన చెప్పిన కారణం చాలామందికి నచ్చింది. పూర్వం ఇంగ్లండులో చదువుకున్నవాళ్ళు డాంటే కావ్యాన్ని మూలంలో చదవడానికి ఇటాలియన్ నేర్చుకున్నట్లే, తాను లాస్ ఏంజెలిస్‌ని మూలంలో చదవడానికి డ్రైవింగు నేర్చుకున్నానంటాడు. ఎంత ముచ్చటైన మాట! కార్లంటే ఇష్టపడేవాళ్ళు ఇన్నేళ్ళుగా దీన్ని చెప్పుకుని మురిసిపోతున్నారంటే ఆశ్చర్యం లేదు. తోలడం కూడా ఒక భాషేనని, అది వచ్చినవాడికే ఊరు అర్థమవుతుందని ఒక పండితుడు సెలవిస్తే ఎవరికి సంతోషంగా ఉండదు?

కానీ నాలాంటి పాఠకురాలు అక్కడే ఆగుతుంది. ఆ భాష రానివాళ్ళ మాటేమిటి? ఊరు పుస్తకమైతే, పసిపిల్లలూ ముసలివాళ్ళూ కారు కొనలేనివాళ్ళూ అందరూ అక్కడ నిరక్షరాస్యులేనా?

బాన్‌హామ్ పుస్తకంలో ఒక చిన్న దృశ్యం ఉంది. ముందు పోతున్న కారు ఫ్రీవే దిగి మామూలు వీధిలోకి వస్తోంది. డ్రైవరు పక్కన కూర్చున్న అమ్మాయి ఎండతెర కిందికి దించి, దాని వెనకనున్న అద్దంలో జుట్టు సవరించుకుంది. అలా రెండు మూడుసార్లు చూశాక ఆయనకి తట్టిందట, ఈ ఊరివాళ్ళకి ఫ్రీవే దిగడమంటేనే ఇంటి గుమ్మంలో అడుగుపెట్టడమని. ఎంత చక్కని పరిశీలన! మనమూ బంధువుల గుమ్మం ముందు ఆగి కొంగు సవరించుకోమూ? అందుకే ఆయన్ని మెచ్చుకోకుండా ఉండలేము. కానీ ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుందో గమనించారా? పక్క సీట్లో. అద్దంలో ముఖం చూసుకుంటూ. ఆవిడ తోలదు, ఎటు వెళ్ళాలో చెప్పదు. పండితుడి ఆనందానికి ఆవిడొక అలంకారం.

ఇప్పుడు నవలలోకి వస్తే, స్టీరింగు దగ్గరే ఆడమనిషి ఉంటుంది.

కథానాయిక పేరు రాయడానికి మారియా, పలకడానికి "మరాయా". 31 ఏళ్ళు. ఒకటి రెండు సినిమాల్లో వేసింది. భర్త కార్టర్ సినిమా దర్శకుడు. నాలుగేళ్ళ కూతురు కేట్‌కి ఆరోగ్యం సరిగా లేక ఆసుపత్రిలో పెట్టారు. భర్తతో ఎడబాటు వచ్చిన రోజుల్లో మరాయా ఒక వింత పని మొదలు పెడుతుంది. రోజూ పొద్దున్నే గబగబా తయారై, పది గంటలకల్లా ఫ్రీవే మీద ఉంటుంది. ఎక్కడికీ వెళ్ళదు. ఊరికే తోలుతుంది. పది దాటిందా, ఆ రోజు లయ తప్పిపోయినట్లే. ఉడకబెట్టిన కోడిగుడ్డుని స్టీరింగు మీద కొట్టి, పెంకు ఒలుచుకుని, కారు ఆపకుండానే తింటుంది. ఒకచోట రెండు ఫ్రీవేలు కలుస్తాయి. అక్కడ బ్రేకు తొక్కకుండా, రేడియోలో పాట దరువు తప్పకుండా, నాలుగు వరసలు అడ్డంగా దాటాలి. దాన్ని సాధించిన రోజు రాత్రి కలలు లేకుండా నిద్రపోతుంది.

ఆవిడ తోలే కారు కార్వెట్. షెవర్లే కంపెనీ 1953లో మొదలు పెట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అమెరికా కారుప్రియులకి అదంటే గొప్ప గౌరవం. డిడియన్‌కి సొంతంగా ఒకటుండేది. 1968లో ఆ కారు దగ్గర తీసిన ఆవిడ ఫొటోలు ఈనాటికీ ప్రసిద్ధమే. అంటే ఆవిడ కార్లంటే గిట్టక రాసిన మనిషి కాదు. ఆ నాలుగు వరసలు దాటే విద్య ఎంత కష్టమో, అందులో సుఖమెంతో ఆవిడకి చేతుల్లో తెలుసు. అందుకే ఆ పేజీలు అంత బాగా వచ్చాయి. ఏ కారుప్రియుడు చదివినా, "ఇదీ తోలడమంటే!" అంటాడు.

అయితే మనం మరాయా ముఖం చూస్తూ చదువుతాం. ఆవిడ తోలుతున్నది కారు మీద ప్రేమతోనేనా? ఇంట్లో ఉండలేక తోలుతోంది. ఆ ఊళ్ళో ఇల్లు దాటి ఆడది అడుగుపెట్టగల మరో చోటు లేక తోలుతోంది. మన కథల్లో అయితే ఇటువంటి మనిషి పక్కింటి పిన్నిగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది, గుడికి వెళ్ళి స్తంభానికి చేరబడుతుంది, లేదా బస్సెక్కి పుట్టింటికి పోతుంది. మరాయాకి అవేవీ లేవు. అమ్మా నాన్నా పోయారు, పెరిగిన ఊరే లేకుండా పోయింది. ఉన్నదల్లా రోడ్డు. దానికి ఆ చివర ఏమీ లేదు.

ఈ నవలలో నన్ను అన్నిటికంటే కుదిపేసిన చోటు వేరే ఉంది. మరాయా గర్భవతి అవుతుంది. గర్భం తీయించుకోకపోతే కేట్‌ని తనకి దక్కనివ్వనని భర్త బెదిరిస్తాడు. చాటుమాటుగా జరగాల్సిన పని. ఎవరో తెల్లప్యాంటు మనిషి వచ్చి దారి చూపిస్తాడు. ఆ దారిలో, ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్న ఆడదాని పక్కన, ఆ మనిషి ఏం మాట్లాడతాడో తెలుసా? కార్లు! మైలేజీ ఎంత వస్తుంది, నా కాడిలాక్ ఇచ్చేసి కమారో తీసుకుందామనుకుంటున్నాను... ఇదీ వరస. వాడేమీ దుర్మార్గుడు కాడు. మాటకలపడానికి వాడికి తెలిసిన మర్యాద అదొక్కటే. డిడియన్ ఆ మనిషిని ఒక్క మాటా తిట్టదు, మనల్ని ఏడవమనీ చెప్పదు. వాడి కబుర్లు వాడిచేతే చెప్పించి ఊరుకుంటుంది. కారు అభిప్రాయాలు ఎంత చెవులు మూసేయగలవో ఆ పేజీలు చెప్పినట్లు ఇంకెవరూ చెప్పలేదని నా నమ్మకం.

తరవాత ఒక రాత్రి మరాయా ఒక నటుడి ఫెరారీ వేసుకుని వెళ్ళిపోతుంది. కార్వెట్ కంటే గొప్ప కారు, కారుప్రియుల కలలకారు. ఎడారి దారిలో హైవే పోలీసులు పట్టుకుంటారు. చివరికి ఆవిడా ఆసుపత్రి పాలవుతుంది. అక్కడ కూర్చుని, బయటికి వెళితే ఏం చేయాలో ఒక పట్టీ వేసుకుంటుంది. కేట్‌ని తెచ్చుకోవాలి, ఇద్దరమే ఉండాలి, పళ్ళు సీసాల్లో నిలవ పెట్టుకోవాలి. మనమైతే ఊరగాయలు పెట్టుకోవాలంటాం! నవలంతా కార్లలో తిరిగిన మనిషి, మళ్ళీ బతకాలనుకున్నప్పుడు వేసుకున్న పట్టీలో కారు లేదు. కేట్ ఉంది. రెండు సీట్ల కార్వెట్‌లో ఆ రెండో సీటు ఎవరికోసం ఖాళీగా ఉందో అప్పుడు అర్థమవుతుంది.

ఈ రెండు పుస్తకాల్లో ఏది నిజమని అడిగితే రెండూ నిజమే అంటాను. ఒకే ఫ్రీవే, ఒకే వేగం, ఒకే ఎండ. బాన్‌హామ్‌కి అది స్వేచ్ఛ, మరాయాకి అది గానుగ. తేడా ఎక్కడుంది? ఆ పుస్తకం రాసేనాటికి బాన్‌హామ్ కాపురం లండన్‌లో. అక్కడ ఆయనకి సైకిలుంది, భూగర్భ రైలుంది, ఎర్రబస్సుంది, నడిచి వెళ్ళే వీధి ఉంది. కారు ఆయన కోరుకున్నది. మరాయాకి కారు తప్ప మరొకటి లేదు. వద్దనడానికి వీలున్నప్పుడే ఇష్టమనే మాటకి అర్థం. ఈ సంగతి పెళ్ళి విషయంలో మన ఆడవాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కార్ల విషయంలో మాత్రం ఎవరూ చెప్పరు.

బాన్‌హామ్‌కి అన్యాయం చేయకూడదు. ఆయన కళ్ళు మూసుకు రాయలేదు. వాట్స్ అనే నల్లవాళ్ళ పేట సంగతి ఆయనకి తెలుసు. ఒకప్పుడు రైలు దారులు కలిసే చోటది. ఫ్రీవేలు వచ్చాక ఓ మూలన పడిపోయింది. ఆ మాట ఆయనే రాశాడు. 1965 ఆగస్టులో అక్కడ పెద్ద అల్లర్లు జరిగి 34 మంది చనిపోయారు. తరవాత వేసిన విచారణ సంఘం చెప్పిన కారణాల్లో సరైన బస్సు వసతి లేక జనం ఉద్యోగాలకి వెళ్ళలేకపోవడం కూడా ఒకటి. సంగతి తెలిసిన పండితుడు దాన్ని ఒకచోట చెప్పి, మళ్ళీ ఫ్రీవే అందంలో పడిపోతాడు. ఆయన పుస్తకంలో నాకున్న ఫిర్యాదు ఇదే. చూడక తప్పిపోవడం వేరు, చూసి దాటిపోవడం వేరు.

డిడియన్ని కూడా వదలక్కర్లేదు. 1976లో అక్కడి శాంటామోనికా ఫ్రీవే మీద ఒక వరసని బస్సులకీ, ముగ్గురు కలిసి వెళ్ళే కార్లకీ కేటాయించారు. జనం మండిపడ్డారు. అయిదు నెలలకే కోర్టు దాన్ని ఆపించేసింది. ఆ గొడవ మీద డిడియన్ ఒక వ్యాసం రాసింది. అధికారుల భాషని, వాళ్ళ లెక్కల్ని చురకలు వేస్తూ, ఫ్రీవే తోలడంలో ఉన్న ఏకాగ్రతని వర్ణిస్తూ రాసిన గడుసు వ్యాసం. నవ్వు వస్తుంది కూడా. కానీ ఆ బస్సులో కూర్చున్నవాళ్ళెవరో అందులో కనబడరు. మరాయా కష్టం రాసిన కలానికి, మరాయా ఇల్లు తుడిచే మనిషి ఏ బస్సు దొరికి ఇంటికి చేరిందో అక్కర్లేకపోయింది. మంచి రచయిత్రికైనా కారు అద్దంలోంచి కొంత మేరే కనిపిస్తుందన్నమాట.

బస్సు మనుషులు మాత్రం ఊరుకోలేదు. 1994లో టికెట్టు ధరలు పెంచినప్పుడు లాస్ ఏంజెలిస్ బస్సు ప్రయాణికులు సంఘంగా ఏర్పడి రవాణా సంస్థ మీద కోర్టుకెక్కారు. 1996లో రాజీ ఒప్పందం కుదిరింది. బస్సులు పెంచడానికి, కిక్కిరిసి పోవడం తగ్గించడానికి సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది. ఈ రెండు పుస్తకాల్లోనూ చోటు దొరకని మూడో మనిషి, కోర్టు కాగితాల్లో చోటు సంపాదించుకుందని చెప్పాలి.

ఇంతమాత్రాన కారుని ఇష్టపడడమే తప్పని నేననను. ఆ ఇష్టంలో ఆడవాళ్ళకి వాటా లేదనీ అనను. అసలు ప్రపంచంలో మొదటి దూరప్రయాణం కారులో చేసింది ఆడమనిషే! జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు 1888 ఆగస్టులో, భర్త తయారు చేసిన మూడు చక్రాల బండిని ఆయనకి చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, నూరు కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసేసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. ఎత్తుల మీద పిల్లలు దిగి తోశారు. ఆ బండిలో ముగ్గురున్నారు, వెళ్ళవలసిన చోటుంది, ఆ చివర ఎదురుచూసే తల్లి ఉంది. తోలడంలోని ఉత్సాహం ఇంతకంటే స్వచ్ఛంగా ఉండగలదా?

ఈ ఉత్సాహం నేటి కారుప్రియుల్లోనూ ఉంది. మాజ్డా కంపెనీ 1989లో మియాటా అని చిన్న రెండు సీట్ల కారు తెచ్చింది. టన్ను బరువు కూడా లేదు, ఇంజను కూడా పెద్దది కాదు. గుర్రమూ రౌతూ ఒకటైనట్లుండాలన్నది దాన్ని తయారు చేసినవాళ్ళ మాట. ఆ ఆలోచన పెట్టింది కార్ల మీద వ్యాసాలు రాసే ఒక అమెరికన్, దానికి రూపం మొదట దిద్దింది దక్షిణ కాలిఫోర్నియాలోనే. 2016కి పది లక్షల బళ్ళు తయారయ్యాయి.

మా అక్క కొడుకు లాస్ ఏంజెలిస్ శివార్లలో ఉంటాడు. వాడికొక మియాటా ఉంది. కోడలిది మామూలు పెద్ద కారు. మా అక్క వెళ్ళి ఆరు నెలలుండి వచ్చింది. అక్కడ కాలబాసాస్ కొండల్లో 1980లలో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. మనవాళ్ళు మాలిబు గుడి అంటారు. విచిత్రం చూడండి, ఆ గుడికి వెళ్ళే కొండదారికి కాస్త దూరంలోనే కారుప్రియులు పడిచచ్చే మల్‌హాలండ్ హైవే వచ్చి కలుస్తుంది. ఆదివారం పొద్దున్నే ఒకపక్క సుప్రభాతానికి వెళ్ళేవాళ్ళు, ఒకపక్క మలుపుల కోసం వచ్చేవాళ్ళు.

"మియాటాలో తీసుకెళ్తాను రా అమ్మా," అన్నాడట వాడు. "మరి కోడలూ, పిల్లా?" అంటే, "వాళ్ళు ఆ కారులో వెనకాల వస్తారు," అన్నాడట. నలుగురు మనుషులు దేవుడి దర్శనానికి రెండు కార్లు! "అదేం చోద్యంరా అనుకున్నానే గానీ, నిజం చెప్పొద్దూ, ఆ మలుపులు తిరుగుతుంటే చిన్నప్పుడు తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కినట్టుంది. వాడి ముఖం చూడాలి, అచ్చం పదేళ్ళప్పటి ముఖం," అంది అక్క. ఆ మాట అంటుంటే తన ముఖమూ పదేళ్ళ పిల్ల ముఖంలాగే ఉంది.

తరవాత కాసేపు ఊరుకుని అంది: "సోమవారం నుంచీ మాత్రం నేనూ, ఫ్రిజ్జు చప్పుడూ. వీధిలో నడిచే మనిషి ఉండడు. కొత్తిమీర కట్ట కావాలన్నా శనివారం దాకా ఆగాల్సిందే. వాడు బంగారంలాంటి పిల్లాడు, అడిగితే తీసుకెళ్ళడూ? అడగాలి కదే! మీ బావగారి దగ్గరే నేను ఏదీ అడిగి ఎరగను."

అడగాలి కదే అన్న మాటలో మొత్తం ఊరంతా ఉంది. తప్పు మా అక్క కొడుకుది కాదు, వాడి మియాటాదీ కాదు. అక్కడ చాలా పేటల్లో ఇళ్ళున్నచోట దుకాణం పెట్టకూడదని చట్టం. ఏ భవనం కట్టినా ఇన్ని కార్లు నిలపడానికి చోటు వదలాలని ఇంకో నిబంధన. దాంతో దుకాణానికీ దుకాణానికీ మధ్య కార్లు నిలిపే మైదానాలు వచ్చి, నడిచి వెళ్ళే దూరాలన్నీ నడవలేని దూరాలైపోయాయి. అదే ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు 2005లో ఈ ఉచితపు పార్కింగు మీదే లావుపాటి పుస్తకం రాశాడు. అది ఉచితం కాదు, కారు లేనివాళ్ళూ దాని ఖర్చు మోస్తున్నారని ఆయన వాదం. రైలు, పెద్ద బస్సు స్టాపులకి దగ్గర్లో ఆ నిబంధన ఎత్తేస్తూ కాలిఫోర్నియాలో 2022లో చట్టం వచ్చింది.

ఒకప్పుడు ఆ ఊరికి కారు తప్ప గతి లేదనడానికి లేదు. పసిఫిక్ ఎలక్ట్రిక్ వాళ్ళ ఎర్ర రైలుబళ్ళు ఊరూరా తిరిగేవి. ఆఖరిది 1961లో ఆగిపోయింది. మళ్ళీ దాదాపు ఆ దారిలోనే 1990లో కొత్త రైలు వేసుకున్నారు. ఈలోగా ఫ్రీవేల కోసం ఎన్ని పేటలు పోయాయో! హాలీవుడ్‌లో ఆస్కారు అందుకున్న మొదటి నల్లజాతి నటి హాటీ మెక్‌డేనియల్, తన షుగర్ హిల్ పేటలో నల్లవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని ఉండే హక్కు కోసం ఇరుగుపొరుగులతో కలిసి పోరాడి 1945లో కోర్టులో గెలిచింది. ఆవిడ పోయాక 1960లలో ఆ పేట మధ్యనుంచే శాంటామోనికా ఫ్రీవే వేశారు. కోర్టు ఇచ్చిన ఇళ్ళని రోడ్డు తీసుకుంది.

పోనీ ఇంత చేసి కారుప్రియులకైనా సుఖం దక్కిందా అంటే అదీ లేదు. 405 అనే ఫ్రీవేని కొండ కనుమలో వెడల్పు చేయడానికి 100 కోట్ల డాలర్లకి పైగా ఖర్చుపెట్టి 2014లో పూర్తి చేశారు. రద్దీ తీరలేదు. చోటు పెరిగితే కార్లూ పెరుగుతాయి. ఇంట్లో కొత్త బీరువా కొన్న ఎవరికైనా ఈ సూత్రం తెలుసు. అందుకే మా అక్క కొడుకులాంటివాళ్ళు తోలడంలో ఆనందం కావాలంటే ఆదివారం తెల్లవారకముందే లేచి, ఊరు వదిలి కొండలెక్కాలి. అందరికీ కారు తప్పనిసరి చేసిన ఊళ్ళో, కారుని ప్రేమించేవాడికే చోటు లేకపోయింది. ముందు కారులో ఉన్నవాడికీ తోలడం ఇష్టం లేదు, వెనక కారులో ఉన్నవాడికీ లేదు. రైలుంటే హాయిగా రైలెక్కేవాళ్ళే. వాళ్ళందరి మధ్యా ఇరుక్కుని గేరు పట్టుకుని కూర్చున్నాడు పాపం, మన రౌతు.

కారుప్రియుల్లోనే కొందరు ఇప్పుడిప్పుడే ఈ మాట అంటున్నారు. మాకు కార్లిష్టం కాబట్టే మంచి బస్సులూ రైళ్ళూ కావాలంటున్నామని. ఇది విన్నప్పుడు నాకు చాలా తృప్తి కలిగింది. ఇష్టం అంటే ఇతరుల మీద రుద్దేది కాదని గ్రహించడం పెద్ద సంస్కారం.

బాన్‌హామ్ పుస్తకం ఇప్పటికీ చదవదగ్గదే. నిందించడం సులువైన ఊరిని ఇష్టంగా చూడడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. అయితే ఇష్టపడేవాడు రాసిన పుస్తకం పక్కన, తప్పక ఉన్నవాళ్ళు రాసినది ఒకటి పెట్టుకుని చదవాలి. వంట ఎలా ఉందో వచ్చిన చుట్టాన్నే అడిగితే సరిపోదు, రోజూ వండే ఇల్లాలిని కూడా అడగాలి. ఆ పని డిడియన్ నవల చేసింది, కొంతవరకే అయినా. మిగిలినది బస్సు స్టాపులో నిలబడ్డ మనిషి రాయాలి, ఫ్రిజ్జు చప్పుడు వింటూ కూర్చున్న తల్లి రాయాలి. మన తల్లులు ఇప్పుడు ఏటేటా వేలమంది ఆ ఊళ్ళకి పురుళ్ళు పోయడానికీ, మనవల్ని చూసుకోవడానికీ వెళ్ళి వస్తున్నారు. వాళ్ళ ఉత్తరాలూ ఫోను కబుర్లూ కలిపితే లాస్ ఏంజెలిస్ మీద మూడో పుస్తకం తయారవుతుంది. అది ఎవరైనా రాస్తే మొదటి ప్రతి కొనేది నేనే. రెండోది మా అక్క కొడుక్కి పంపిస్తాను.